ఒక్క హిందీ మాట

మంగళవారం, మిన్నీ బే

ఎంత పని చేశాను! అప్పలమ్మత్త చేపలమ్మే చోట రోడ్డు పక్కనున్న బాదం చెట్టు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని మునిసిపాలిటీకి హిందీలో అర్జీ రాసిచ్చింది నేనే. హిందీలో కొమ్మలు కత్తిరించడాన్ని ఛంటాయీ అనాలట. నేను కటాయీ అని రాశాను. అంటే చెట్టునే నరకడం!

సాయంత్రం ఆఫీసు మనిషి వచ్చి మాను మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టాడు. బతిమాలాను.

"అర్జీలో ఏం రాస్తే అదే పర్మిషన్ దీదీ, రూల్ అంతే. రేపు సుబే ఏడింటికి కొట్టేస్తాం. ఆపాలంటే సాబ్ సంతకం కావాలి" అన్నాడు. సాబ్ ఆఫీసుకొచ్చేది పొద్దున పదింటికి.

ఆ మొక్క నాటింది సముద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని మావయ్య. ఆ నీడ లేకపోతే అత్త బుట్ట ఎక్కడ దించుకుంటుంది?

అత్తకు చదువు రాదు. నా చేయి పట్టుకుని, "ఆళ్లకే సరిగ్గా సదవడం రానేదమ్మా. నువ్వు బాగానే రాసుంటావు. ఇంకో కాయితం రాసియ్యి" అంది. తప్పు నాదేనని చెప్పలేకపోయాను.

రాశాను. ఛంటాయీ అని నాలుగుచోట్ల రాశాను. ఏడింటికి ఈ కాగితం ఎవరి చేతిలో పెట్టను?