ఎడమ చేతి కింద ఆరు కీలు

మార్చి 3, సోమవారం

ఇవాళ మీటింగ్ మధ్యలో ఛైర్మన్ మాట ఆపి, ఆ టకటక ఏమిటని అడిగారు. హాలంతా నా వైపు తిరిగింది. ఆ టకటక నా కీబోర్డుది. పదకొండేళ్ళుగా అదే కీబోర్డు, అదే చప్పుడు. ఇన్నేళ్ళూ ఎవరి చెవికీ ఆననిది ఇప్పుడెందుకు ఆనిందంటే, ఆరు నెలల నుంచి నా పక్క సీట్లో చెల్లి కూర్చుంటోంది కాబట్టి. దాని వేళ్ళు కదులుతాయి, స్క్రీన్ నిండుతుంది, చప్పుడు మాత్రం ఉండదు.

హాల్లో ఎవరు మాట్లాడినా అప్పటికప్పుడు టైప్ చేయడం మా పని. వినపడనివాళ్ళు ముందు వరసలో కూర్చుని పెద్ద స్క్రీన్ మీద చదువుకుంటారు. పావుగంట నేను, పావుగంట చెల్లి. మధ్యలో నోరు విప్పకూడదు కాబట్టి వంతు మారేటప్పుడు పక్కవాళ్ళ మోచేతి మీద రెండుసార్లు తడతాం. ఆ పద్ధతి నేను పెట్టిందే. భుజం మీద తట్టకూడదా అక్కా అని చెల్లి ఒకసారి అడిగింది. రూల్ రూలే అన్నాను. దానికి టైపింగ్ నేర్పిందీ నేనే, ఇక్కడ పెట్టించిందీ నేనే. బుద్ధి గడ్డి తిని పెట్టించాను.

మీటింగ్ అయ్యాక సూపర్వైజర్ మేడమ్ పిలిచారు. ఇద్దరమూ కాంట్రాక్టే కదా, ఒక్క పర్మనెంట్ సీటు శాంక్షన్ అయిందట. పద్నాలుగున స్పీడ్ టెస్ట్. ఎవరు గెలిస్తే వాళ్ళది. టెస్టుకి చప్పుడు లేని కీబోర్డుతోనే రావాలట. ఆ చివరి మాట నన్ను చూసి అన్నారు.

మార్చి 4, మంగళవారం

చెల్లిని అడగడానికి నామోషీ వేసి నెట్‌లో వెతికాను. దాని కీబోర్డులో ఉన్నవి లో ప్రొఫైల్ స్విచ్‌లు. ప్రతి కీ కింద ఒక పొట్టి స్విచ్ ఉంటుంది. పీకి వేరేది పెట్టుకోవచ్చు, టంకం అక్కర్లేదు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. లంచ్ టైములో కంప్యూటర్ స్పేర్ పార్ట్స్ షాపుకెళ్ళి ఎర్రవి డెబ్బై పట్టుకొచ్చాను.

నా పాత కీబోర్డులో అవి కూర్చోలేదు. బొటనవేలితో నొక్కాను. స్పూన్ వెనకవైపుతో నొక్కాను. పదకొండు కూర్చున్నట్టే కూర్చున్నాయి. పీకి చూస్తే పదకొండింటికీ కాళ్ళు వంకర్లు పోయాయి. మా ఆయన వచ్చి, స్పూన్‌తో ఏం చేస్తున్నావన్నాడు. వంట అన్నాను.

మార్చి 5, బుధవారం

షాపతను నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. పొట్టి స్విచ్‌ల కాళ్ళు వేరే చోట ఉంటాయట. ఎత్తు కీబోర్డులో చచ్చినా పట్టవట, బోర్డే మార్చాలట. ఎవరో వాడి వదిలేసిన పల్చటి బోర్డు అరలోంచి తీసిచ్చాడు. దానికున్న తెల్ల స్విచ్‌లు నొక్కితే వేలు నొప్పి పుట్టింది. అవి తీసేసి మీ ఎర్రవి పెట్టుకోండి, హాయిగా ఉంటుందన్నాడు. టైపింగ్ చేసే ఒకావిడ నా షాపుకే వస్తుంది, ఎంత నెమ్మదస్తురాలో అని కూడా అన్నాడు. ఎవరని నేను అడగలేదు. అడక్కుండానే ఒళ్ళు మండింది.

మార్చి 8, శనివారం

చెల్లి వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతలే. ఊరికే చూసిపోదామని వచ్చి, డైనింగ్ టేబుల్ మీద నా అవతారం చూసింది. నేను అప్పటికి మూడు గంటలుగా తొమ్మిది స్విచ్‌లు మార్చాను. స్విచ్‌లు పీకే పుల్లర్ ఇటివ్వమంది. ఎర్రవే బాగుంటాయక్కా అంది. గంటన్నరలో అరవై ఎనిమిదీ అయిపోయాయి. నేను వంకర చేసిన కాళ్ళు కూడా ట్వీజర్‌తో ఒక్కొక్కటే సాపు చేసి వాడేసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అంతా కుడి చేత్తోనే. ఒంటిచేత్తో చేసి చూపించడం నా దగ్గరా అనుకున్నాను.

పీకిన తెల్ల స్విచ్‌లన్నీ ఖాళీ టీపొడి డబ్బాలో పోసింది. పారేయకు అక్కా, ఎవరికైనా పనికొస్తాయంది.

అది వెళ్ళాక మా ఆయన, మీ చెల్లి చేతిలో ఏదో ఉంది అన్నాడు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. నా చేతిలో ఏముందో ఇంతవరకూ చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

కొత్త కీబోర్డుకి చప్పుడు లేదు. నేను పని చేస్తున్నట్టు నాకే తెలియడం లేదు.

మార్చి 11, మంగళవారం

ప్రాక్టీసులో నాకు నిమిషానికి యాభై ఎనిమిది మాటలు. దానికి అరవై నాలుగు. రెండోసారి నాది యాభై ఏడు, దానిది అరవై ఐదు. మేడమ్ దాని కుర్చీ వెనక నిలబడి చూస్తూ, తన టీ చల్లారిపోయిందని కూడా గమనించలేదు. నా వెనక నిలబడితే ఆవిడ గడియారం చూసుకుంటుంది.

ఇక్కడ అబద్ధం రాయడం ఎందుకు, నాకు కుళ్ళు. ఇప్పటిది కాదు. చిన్నప్పుడు నా గౌన్లు పొట్టయితే దానికి వేసేవాళ్ళు. నా ఒంటి మీద గోనెసంచిలా వేలాడిన గౌను దానికి కొలిచి కుట్టించినట్టు ఉండేది. చూసినవాళ్ళంతా కొత్తదా అని అడిగేవాళ్ళు. అమ్మ అవునని కూడా అనేది కాదు, కాదని కూడా అనేది కాదు, నవ్వేది. నా గౌను, నా టైపింగ్, నా ఆఫీసు. ఏదైనా దానికి ఇచ్చాకే అందంగా కనిపిస్తుంది. పైగా అది చెడ్డది కాదు. చెడ్డదైతే నా కడుపుమంటకి ఒక కారణం దొరికేది.

పదకొండేళ్ళు, నాది. ఆరు నెలలు, దానిది. సీటు దానికే వస్తుంది. రాసి పెట్టుకోవచ్చు. రాసి పెడుతున్నాను.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం 1:20

చెల్లి లంచ్‌కి కిందికి వెళ్ళింది. దాని కీబోర్డు ఇక్కడే ఉంది. ఊరికే చూద్దామని ఒక కీ క్యాప్ తీశాను. ఎర్ర స్విచ్. నాదీ అదే. ఇంకోటి తీశాను. ఎర్రదే. ఎడమ వైపు చివర తీస్తే, నారింజ రంగు.

వేలు ఆనించగానే దిగిపోయింది. గాలిని నొక్కినట్టుంది. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు ఆనేచోట ఆరు కీలున్నాయి, ఆరూ నారింజవే. మిగతావన్నీ ఎర్రవి.

అంటే ఇదన్నమాట చేతిలో ఉన్నది. నా టేబుల్ దగ్గర కూర్చుని, నాకు ఎర్రవి బిగించి, ఎర్రవే బాగుంటాయక్కా అని చెప్పి, తేలికవి తనకి దాచుకుంది. ఒక్క మాట చెప్తే నోటి ముత్యాలు రాలతాయా?

మధ్యాహ్నం 1:45

టీపొడి డబ్బా నా బ్యాగులోనే ఉంది, షాపతనికి తిరిగిద్దామని తెచ్చాను. ఆరు తెల్లవి పెట్టాను. ఆరు నారింజవి పర్సులో జిప్ అరలో వేశాను. క్యాప్‌లు పెట్టేశాను. ఒక్క కాలు కూడా వంగలేదు. స్విచ్ మార్చడం చెల్లి బాగా నేర్పింది.

మార్చి 14, శుక్రవారం

టెస్ట్ పావుగంట. మొదటి నాలుగు నిమిషాలు అదే ముందు. ఆరో నిమిషంలో దాని లైన్‌లో అక్షరాలు ఎగిరిపోవడం మొదలైంది. తొమ్మిదో నిమిషంలో ఎడమ చెయ్యి ఎత్తి, విదిలించి, మళ్ళీ పెట్టింది. పన్నెండులో ఆగిపోయింది. చేతిని తిప్పి, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

నాకు యాభై తొమ్మిది. దానికి నలభై ఒకటి.

మేడమ్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. చెల్లి లేచి వచ్చి నన్ను కౌగిలించుకుంది. కుడి చేత్తోనే. సంతోషంగా ఉందా అంటే ఉంది. రాస్తున్నాను కదా, ఉంది.

మార్చి 15, శనివారం

చెల్లి పొద్దున్నే వచ్చింది. మా ఆయన ఉన్నాడని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, నా చెయ్యి పోయింది" అంది.

ఏడాదిగా ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరట. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందట. బలం తగ్గనంత కాలం ఆపరేషన్ వద్దని డాక్టర్ చెప్పాడట. అందుకే ఆ రెండు వేళ్ళ కింద అన్నిటికన్నా తేలిక స్విచ్‌లు వెతికి పెట్టుకుందట. ఆఫీసులో తెలిస్తే పనికిరాదంటారని ఎవరికీ చెప్పలేదట. నాకు చెప్తే నేను కంగారుపడి మేడమ్ కాళ్ళావేళ్ళా పడతానని నాకూ చెప్పలేదట. నిన్న ఆ తేలిక కీలే రాళ్ళలా అనిపించాయట. ఒక్క రాత్రిలో ఇంత తగ్గిపోయిందంటే ఇక దాచి లాభం లేదట.

దానికి కీబోర్డు మీద అనుమానం రాలేదు. చేతి మీదే వచ్చింది.

నేను టీ పెట్టాను. పర్సు ఫ్రిజ్ మీద ఉంది.

మార్చి 16, ఆదివారం

ఆరు నెలలుగా అరగంటకోసారి నేను తట్టింది ఆ మోచేతి మీదే.

మార్చి 18, మంగళవారం

ఆపరేషన్ ఎల్లుండి కాక ఆవలెల్లుండి, శుక్రవారం. అది చెప్పింది విని, బలం ఇంత వేగంగా తగ్గుతుంటే ఆలస్యం వద్దన్నాడట డాక్టర్. తర్వాత రెండు నెలలు టైపింగ్ లేదు. ఆ తర్వాత కూడా గ్యారంటీ లేదు. కీబోర్డు బ్యాగులో పెట్టి తెచ్చి నాకిచ్చింది. ఇక నాకెందుకు, నువ్వు వాడుకో అంది.

ఇదీ నాకే ఇచ్చింది.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. నారింజవి మళ్ళీ పెట్టి, ఒకసారి నొక్కి చూడవే అంటే చాలు. చెయ్యి బాగయిందనుకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. సీటు నాదే. పుల్లర్ తీశాను కూడా. మొదటి క్యాప్ తీసి, మళ్ళీ పెట్టేశాను. అలా చేస్తే జీవితాంతం అది తన చేతిని నమ్మదు. ఒకరోజు ఉండి ఒకరోజు పోయే చెయ్యి అనుకుంటుంది.

ఇదంతా రాస్తూ కూడా దాని అరవై ఐదు గుర్తొచ్చి కుళ్ళుకుంటున్నాను. నేను ఏ రకం మనిషిని?

మార్చి 20, గురువారం

పొద్దున ఏడింటికి చెల్లి ఇంటికెళ్ళాను. హాస్పిటల్ బ్యాగు సర్దుకుంటోంది. కీబోర్డు టేబుల్ మీద పెట్టి, పర్సు జిప్ తీసి, స్విచ్‌లు దాని పక్కన పోశాను. ఒకటి దొర్లి కిందపడింది. వంగి తీసి పెట్టాను. టెస్ట్ ముందు రోజు లంచ్‌లో మార్చాను అని మాత్రం అన్నాను.

చెల్లి వాటి వైపు చూసింది.

"ఎన్ని?" అంది.

"ఆరు."

పుల్లర్ తీసుకుని కూర్చుంది. తెల్లవి ఆరూ పీకింది, నారింజవి ఆరూ పెట్టింది. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమనలేదు. ఎడమ చెయ్యి కీల మీద పెట్టి, చివరి రెండు వేళ్ళతో నొక్కింది. మళ్ళీ నొక్కింది. అప్పుడు ఏడ్చింది, తలుపు వైపు చూపించింది.

మార్చి 24, సోమవారం

డాక్టర్ మళ్ళీ చూసి, బలం మునుపటిలాగే ఉంది, మూడు నెలలు ఆగుదాం అన్నాడట. ఇది అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమ్మకి మిగతాది తెలియదు.

మేడమ్‌కి నేనే చెప్పాను. చెయ్యి సంగతి కాదు, కీబోర్డు సంగతి. టెస్ట్ మళ్ళీ పెట్టారు. దానికి అరవై ఆరు. సీటు దానిది. నాకు రాతపూర్వకంగా వార్నింగ్. నన్ను ఉంచాలా తీసేయాలా అని మేడమ్ దాన్నే అడిగారట. పని తెలిసిన మనిషి, ఉండనివ్వండి అందట. మనిషి అంది. అక్క అనలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

పక్కపక్కనే కూర్చుంటున్నాం. మాటల్లేవు. నా వంతు అయిపోతే దాని భుజం మీద తడుతున్నాను. దాని వంతు అయిపోతే అది తట్టడం లేదు, ఆపేస్తుంది అంతే. ఇద్దరి కీబోర్డులకీ చప్పుడు లేదు. అది టైప్ చేస్తోందో ఆపిందో వినపడదు. స్క్రీన్ మీద అక్షరాలు నిలబడిపోతే నా వంతని తెలుసుకుంటున్నాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలాగే.

నా పాత కీబోర్డు మంచం కింద ఉంది. నిన్న తీసి కాసేపు టకటకలాడించాను.

ఏప్రిల్ 9, బుధవారం

3:15. నా మోచేతి మీద తట్టింది. రెండుసార్లు. ఎడమ చెయ్యి, ఉంగరం వేలు. నొప్పి పుట్టేంత గట్టిగా.