వీర్రాజు గారి తోట పేరు

ఏలూరు, మంగళవారం

నాయనా,

జ్వరం తగ్గింది, బాగున్నాను. ఫోన్లో చెబితే మధ్యలోనే తిట్టి పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

మేం చేసే చాక్లెట్ కాగితం మీద వీర్రాజు గారనే రైతు తోట పేరు ఉంటుంది, ఆ ఒక్క తోట కోకో గింజలతోనే చేస్తాం కాబట్టి. ఆయన వాటిని ఆరు రోజులు అరటాకుల కింద పులియబెట్టి, ఎండబెట్టి ఇస్తాడు. నిన్న గింజలు చాలలేదని, బయట కొన్నవి కలిపి అదే కాగితం చుట్టమన్నాడు ఓనరు. చుట్టనన్నాను.

"కరపత్రాలు చదివొచ్చి నాకు నీతులు చెబుతావా? నీ కడప పౌరుషం ఇక్కడ చూపించకు!"

"యాడైనా అదే పౌరుషం సార్. కలిపేదుంటే ఆయన పేరు కొట్టేసి కలుపు."

అప్పుడే వచ్చిన వీర్రాజు గారు, "కలుపుకోనివ్వండి బాబూ, నాకేం పోయిందండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీకు పోకున్నా తినేటోనికి పోతాది పెద్దాయనా!" అని అరిచాను.

శుక్రవారంలోగా తప్పు ఒప్పుకోకుంటే పనిలోంచి తీసేస్తారట. నేను ఒప్పుకోను. మన పెద్దముడియం శనగల్లో పుచ్చు సరుకు కలుపుతుంటే, ప్రొద్దుటూరులో బస్తాల మీద కూర్చుని కదలనిది నువ్వే కదా! ఓనరును బతిమాలడానికి మామను పంపొద్దు.

మిద్దె కారడం ఆగిందా? నేను పంపిన చాక్లెట్ చేదని అమ్మ పాలలో వేసి చక్కెర కలిపిందట, ఈసారి ఊరికే చప్పరించమను. చెల్లి జమీలాను కాలేజీ మాన్పించొద్దు.

అందరికీ సలాములు. శనివారం పొద్దున నేను వాకిట్లో నిలబడితే, ఏమైందని అడక్కుండా అమ్మను అన్నం పెట్టమను.

నీ కొడుకు
హఫీజ్