ఎ నుంచి ఎల్ దాకా అన్నకు

ధర్మవరం, 2-5-2001

చిరంజీవి తమ్ముడు ఓబిలేష్‌కు శ్రీరంగప్ప ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వానలు లేవు, మగ్గం మాత్రం ఆడుతోంది.

మనం మాట్లాడుకోక ఎనిమిదేళ్లయింది. ఇప్పుడూ పనిబడే రాస్తున్నాను. భాగాలు పంచుకున్న రోజు పెద్దమనుషులు నాయన డిక్షనరీని కూడా పట్టుదారం కోసే కత్తితో రెండు చేశారు కదా. ఎ నుంచి ఎల్ దాకా నాకు, ఎమ్ నుంచి జెడ్ దాకా నీకు. మా త్రివేణికి ఈ నెల 24న ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వస్తానని జవాబు రాసి, చివర "సిన్సియర్లీ" అని పెట్టాలట. సిన్సియర్ అంటే ఏమిటో, ఎలా పలకాలో నీ సగంలో చూసి రాయి.

ఇట్లు,
శ్రీరంగప్ప

తా.క.: స్కూలు మీ గుంతకల్లులోనే. పొద్దున ఎనిమిదికే ఇంటర్వ్యూ, కాబట్టి ముందురోజే రావాలి. ఎక్కడ ఉంటుందో ఏమో. ఊరికే రాస్తున్నా, నిన్ను అడగడం లేదు.

గుంతకల్లు, 7-5-2001

అన్నకు ఓబిలేష్ నమస్కారాలు.

గూడ్సు బండి దిగి ఇంటికి రాగానే నీ ఉత్తరం చూశాను. పేజీలో ఉన్న వరుసలోనే రాస్తున్నాను.

సిన్: పాపం. సిన్స్: అప్పటినుంచి. సిన్సియర్: కపటం లేని. సిన్యూ: నరం. సిన్‌ఫుల్: పాపిష్టి.

నేను ఊరికే ఇవ్వను, మాటకు మాట. గ్రీన్ అంటే ఏమిటో నీ సగంలో చూసి వెంటనే రాయి. అర్జంటు.

ఇట్లు,
ఓబిలేష్

తా.క.: నీ మరదలు "ఇంగో నాలుగు మాటలు రాయరాదా, నీ సొమ్మేం పోతాది" అంది. కాగితం అయిపోయింది.

ధర్మవరం, 11-5-2001

ఓబిలేష్‌కు,

ఆశీర్వాదం ఈసారి లేదు. నీ ఉత్తరం మీ వదిన ఆంజినమ్మకు చదివి వినిపిస్తే, "ఏమప్పా, పాపం అప్పటినుంచి అంటే? భాగాలు పంచుకున్న దినం నుంచి మనం పాపిష్టోళ్లమనేనా?" అని పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నేను అడిగింది ఒక్క మాట. నువ్వు పంపింది ఐదు తిట్లు.

నాకూ డిక్షనరీ ఉంది. తీసుకో.

గ్రీడ్: దురాశ. గ్రీడీ: దురాశపరుడు. గ్రీన్: పచ్చ. గ్రీట్: పలకరించు. గ్రీటింగ్: పలకరింపు.

మొదటి రెంటి కింద గీత గీశాను. అమ్మ ఇత్తడి బిందె ఎవరింట్లో ఉందో చూసుకో.

శ్రీరంగప్ప

తా.క.: త్రివేణి స్టేషన్లో వెయిటింగ్ హాల్లో ఉంటుంది. నీ గడప తొక్కదు.

గుంతకల్లు, 16-5-2001

అన్నా,

మన నాయన పద్ధతి మరిచిపోయావా? "ఒక మాట సూస్తే పైవి రెండు, కిందవి రెండు సూడల్ల, అప్పుడే బుర్రలో నిలబడతాది" అని మనిద్దరి చెవులూ మెలేసి చెప్పలేదా? నేను అదే చేశాను. ఒక్క గీత కూడా గీయలేదు. గీతలు గీసింది నువ్వు.

కోపం వచ్చి నీ ఉత్తరం రెండు రోజులు పక్కన పడేశాను. మళ్లీ తీసి చూస్తే కింద గ్రీట్, గ్రీటింగ్ ఉన్నాయి. వాటి కింద ఎందుకు గీయలేదన్నా? ఎనిమిదేళ్లలో నాకు కావలసింది ఆ రెండే.

ఇట్లు,
ఓబిలేష్

తా.క.: 23న నాకు డ్యూటీ లేదు. ఊరికే రాస్తున్నా, పిలవడం లేదు.

ధర్మవరం, 29-5-2001

చిరంజీవి ఓబిలేష్‌కు అన్న రెండింతల ఆశీస్సులు. ఒకటి పోయినసారి ఎగ్గొట్టినది.

త్రివేణికి ఉద్యోగం వచ్చింది. స్టేషన్లో దిగేసరికి నువ్వు ప్లాట్‌ఫాం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడ్డావట. "ఎనిమిదేండ్లాయె, పాపను గుర్తుపడతానో లేదో అని తెచ్చినా. జెండా సూసి తనే వస్తాదిలే" అన్నావట. అది చెబుతుంటే మీ వదిన ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, దాచడం ఎందుకు.

దాని బ్యాగులో ఎ నుంచి జెడ్ దాకా ఉన్న కొత్త డిక్షనరీ చూసి, "మీ నాయనకు ఇది తెలీదా?" అని అడిగావట. తెలుసు. రెండేళ్ల కిందట నేనే కొనిచ్చాను. సిన్సియర్ ఎలా పలకాలో కూడా అప్పుడే నేర్చుకున్నాను. నీకు ఉత్తరం రాయడానికి వేరే సాకు దొరకలేదు.

సరే, నా సంగతి బయటపడింది. ఇరవై ఏళ్లుగా గూడ్సు బండికి పచ్చజెండా ఊపే గార్డువు, గ్రీన్ అర్థం నీకు అంత అర్జంటుగా ఎందుకు కావలసి వచ్చిందో నువ్వూ చెప్పు.

నీ అన్న,
శ్రీరంగప్ప

తా.క.: జూన్ నుంచి త్రివేణి మీ ఇంట్లోనే కదా. నా సగం దాని చేతికిచ్చి పంపుతాను. రెండూ కలిపి కుట్టించేవు, ఆ పని చేయకు. నీ సగం నాకు పంపు. ఇకమీదట ఎ నుంచి ఎల్ దాకా నేను నిన్ను అడగడానికి మాటలు చాలా ఉన్నాయి.