వేళ్లు ముంచిన పాలు

యాదమ్మక్కా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. ఇప్పుడు నీ బర్రెలను బావనే పితుకుతుండు. పేడ నీళ్లలెక్క పారుకుంటున్న దూడ ఎనక తుడిచిన వేళ్లనే పాల బకెట్ల ముంచి, బర్రె చన్లు తడుపుతడు. నువ్వు చెయ్యి కడుక్కొని ఆముదం చుక్క రాసుకునేదానివి.

నీ బిడ్డకు వారం సంది విరేచనాలు ఆగుతలేవు. దూడ పేడల ఉండే, కంటికి కనబడని పురుగులు పచ్చిపాలతోటి కడుపులకు పోయినయని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. "పాలకు మైలేంది?" అని బావ నవ్విండు. మన నానక్‌రామ్‌గూడ పాలంటే అద్దాల ఆఫీసులోళ్లకు మస్తు ఇష్టమట.

ఇయ్యాల పొద్దున నురుగు పచ్చిపాలతోటి రెండు గ్లాసులు నింపిండు. ఒకటి నీ ఫొటో ముందర పెట్టిండు, ఒకటి నీ బిడ్డ చేతికిచ్చిండు. రెండూ గుంజుకొని మోరీల పారబోసిన.

నీ ఏడాదినాడు నీకు నీళ్లే పెట్టిన, అక్కా.