మెట్ల దగ్గర అన్న మాట

వదినా,

మీ తమ్ముడు మీ ఇంటికి చేరాడని, వచ్చినప్పటి నుంచీ నా మీద చాడీలు చెబుతున్నాడని తెలిసింది. ఫోన్లో చెబుదామంటే మధ్యలో ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను. మొగుణ్ణి పట్టుకుని 'అన్నారు, చేశారు' అని మర్యాదగా రాయడానికి ఇవాళ నాకు చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకండి.

మా కార్డుల పిచ్చి మీకు తెలుసు కానీ ఆట తెలియదు. ఇది పేకాట కాదు. వేల రకాల కార్డులుంటాయి, ఒక్కోదాని మీద ఒక మృగమో మంత్రమో ఉంటుంది. వాటిలోంచి అరవై ఏరుకుని, ఎవరి డెక్ వాళ్ళు ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్ళాలి. సగం ఆట అక్కడే అయిపోతుంది. బల్ల దగ్గర కూర్చున్నాక మిగిలేది ధైర్యం, అదృష్టం. ఆ ధైర్యం మీ తమ్ముడికి దండిగా ఉంది. డెక్ కట్టే ఓపిక మాత్రం లేదు. నేనేమో కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం అద్దాలు అరగదీసేదాన్ని, ఓపిక తప్ప నాకేముంది? ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టి, రెండు వైపులా నేనే ఆడి చూసి, మళ్ళీ మార్చి... పెళ్ళయినప్పటి నుంచీ మీ తమ్ముణ్ణి గెలిపించిన ప్రతి డెక్కూ నేను కట్టిందే.

గెలవగానే కార్డుల షాపులో జనం మూగుతారు. "ఈ ఐడియా ఎలా వచ్చింది గురూ?" అంటారు. "లిఫ్టు రిపేరు చేస్తుంటే అలా తట్టింది" అంటాడు. నేను పక్కనే తన సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంటాను. సొమ్మొకడిది, సోకొకడిది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత రావడం మానేసింది.

మొన్న ఆదివారం పోటీకి నేనూ పేరిచ్చాను. అందులో గెలిచినవాళ్ళు పెద్ద పోటీకి వెళ్తారు. తనకి వేగంగా మీద పడి కొట్టే డెక్ కట్టిచ్చి, నాకోసం నత్తనడక డెక్ ఒకటి కట్టుకున్నాను. ముందు దెబ్బలన్నీ కాచుకుని చివర్లో లేచే రకం. "అచ్చం నీలాగే ఉంది" అని వెక్కిరించాడు. తీరా చూస్తే ఇద్దరం సెమీఫైనల్‌కి వచ్చాం, అదీ ఎదురెదురుగా.

ఆటకి ముందు నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"నువ్వు ఓడిపో. ఫైనల్లో నిలబడేది నా డెక్కే. బదులుగా వచ్చేసారి నీకు నేను వదిలేస్తా."

"అలా ముందే మాట్లాడుకుంటే ఇద్దర్నీ బయటికి పంపిస్తారు. గోడ మీద పెద్దక్షరాలతో రాసుంది."

"మొగుడూ పెళ్ళాల మాటలు ఎవడు వింటాడు? సరదాకి వచ్చినదానివి, నీకెందుకంత పట్టుదల?"

సరదాకట! నాకు ఒళ్ళు మండిపోయింది. "వచ్చి కూర్చుని ఆడు" అని చెప్పి వచ్చేశాను.

చెరొక ఆటా గెలిచాం. మూడో ఆటలో తను ఏది వేసినా దానికి విరుగుడు నా దగ్గరుంది. తర్వాత ఏం వేస్తాడో కూడా తెలుస్తూనే ఉంది. తెలియకేం చేస్తుంది? చివరికి చేతిలో కార్డులు బల్ల మీద పడేసి జడ్జిని పిలిచాడు. షాపంతా వినేలా, "నా డెక్‌లో ప్రతి కార్డూ ఈమెకి ముందే తెలుసు. ఇదేం న్యాయం?" అన్నాడు.

జడ్జి నెమ్మదస్తురాలు. "ఎలా తెలుసు? దొంగచాటుగా గానీ చూసిందా?" అని అడిగింది.

మీ తమ్ముడు నోరు తెరిచాడు. అవునంటే చాలు, నన్ను బయటికి పంపేస్తారు. అనేస్తాడేమోనని తన మొహంలోకే చూశాను. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"లేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ డెక్ కట్టిందే తను."

"మరింకేం? ఆడండి."

గెలిచాను వదినా. కానీ మనసు మనసులో లేదు. ఫైనల్లో చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు చేసి ఓడిపోయాను. ఇంటికొచ్చే దారంతా ఒకటే సణుగుడు: "నాకు వదిలేసి ఉంటే ఇంట్లో ఒకళ్ళమైనా వెళ్ళేవాళ్ళం." నలుగురిలో తన పరువు తీశానని బట్టలు సర్దుకున్నాడు. జడ్జిని పిలిచింది ఎవరు? నేనా?

ఇకమీదట తనకి నేను డెక్ కట్టను. ఆ మాట మీరే చెప్పండి. నేను చెబితే గొడవవుతుంది.

మీ మరదలు

*

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చేసరికి వాడు సోఫాలో పడుకుని అదే కథ మూడోసారి చెబుతున్నాడు. వాడి కథలో మెట్లే లేవు! "మెట్ల దగ్గర ఏమన్నావురా?" అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.

నీకు కోపమొచ్చినా ఒక మాట అంటాను. వాడు చేసింది తప్పే. కానీ ఇన్నేళ్ళూ సంచీ మోస్తూ నోరు కుట్టుకుని ఎందుకు నిలబడ్డావే? "నేను కట్టాను" అనడానికి నీకేం అడ్డమొచ్చింది?

నువ్వు చెప్పమన్నది చెప్పాను. "సరే, నేనే కట్టుకుంటా, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అని నా డైనింగ్ టేబుల్ నిండా కార్డులు పరిచాడు. అప్పట్నుంచీ మేం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. వాడు పిలిచినా పలకడం లేదు.

నువ్వు మాత్రం రమ్మని పిలవకు.

వదిన

*

ఏమోయ్,

ఇది అక్క పక్కన కూర్చుని రాయించిన ఉత్తరం కాదు. ఆ అనుమానం ముందే తీసేస్తున్నాను.

డెక్ కట్టాను. ఇక్కడి షాపులో ఆడి, వరసగా అందరి చేతుల్లోనూ ఓడిపోయాను. ఆ సంగతి అలా ఉంచు.

నేను ఇల్లు వదిలింది పరువు పోయినందుకని నువ్వు అనుకుంటున్నావు. నేనూ అక్కతో అదే చెప్పాను. నిజం అది కాదు. జడ్జి "చూసిందా?" అని అడిగినప్పుడు, "అవును" అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. నాలుక మీద ఉంది. సరిగ్గా అప్పుడే నీ మొహం చూశాను. ఆ మాట అక్కడుందని నీకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఇంట్లో నీకెదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు. సిగ్గుని కోపం చేసుకుని వచ్చేశాను.

పొద్దున జడ్జికి ఫోన్ చేశాను. మెట్ల దగ్గర నిన్ను ఏమడిగానో చెప్పాను. "ఆమె ఒప్పుకుందా?" అంది. "లేదు, కూర్చుని ఆడమంది" అన్నాను. ఏడాదిపాటు నేను ఏ పోటీలోనూ ఆడకూడదంది. బతిమాలలేదు.

నత్తనడక డెక్ గురించి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, అది మరీ నెమ్మది. ఇంకా పోట్లాడుకోవచ్చు.

శనివారం వస్తున్నాను. డెక్ కట్టమని అడగను. నువ్వు కట్టుకుంటున్నప్పుడు పక్కన కూర్చోనివ్వు. నోరెత్తను. ఎత్తితే వంటింట్లోకి పంపించెయ్యి.

నీ మొగుడు