సరోజత్త రాసే పసరు

శనివారం, రాత్రి

చర్మం డాక్టరు ఈరోజు గట్టిగానే చెప్పాడు. "దీదీ, సోరియాసిస్‌కి ఆ ఆకుపసరు బంద్ చెయ్యండి. దాంతోనే మంట పెరిగింది."

ఆ పసరు నూరి ప్రతి ఆదివారం నా వీపుకి రాసేది పక్కింటి సరోజత్త. అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా, ఈ హిందీ ఊళ్లో మేముండే క్యాంప్ వన్ బస్తీ సందులో నా పొలుసులు చూసి పక్కకి జరగని మనిషి ఆవిడొక్కర్తే. మా ఆయన పోయాక నా ఒంటిని తాకే చెయ్యి కూడా ఆవిడదే.

సాయంత్రం వెళ్లి చెప్పాను. రేపటికని ఆకులు కడుగుతోంది.

"అయితే రేపు నీ వీపుకి ఏటి రాయాలే?"

"ఏటీ అక్కర్లేదత్తా. మాత్రలే ఇచ్చారు."

"పోన్లే, తగ్గితే అదే చాలు" అని ఆకులు పక్కన పెట్టేసింది.

ఇందాకే మాత్ర వేసుకున్నాను. తగ్గాలనే ఉంది నాకు. కానీ రేపు ఆవిడ ఏ పని మీద మా గుమ్మం ఎక్కుతుంది...