నాలుగో సిలిండరు చప్పుడు

కరీంనగర్ జిల్లా సుల్తానాబాద్ వాస్తవ్యుడను, కీ.శే. బాలమల్లు కుమారుడను, మోటారు మెకానిక్ లింగమూర్తి అను నేను పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా. ఊపిరితిత్తులు చెడినవి గానీ బుద్ధి చెడలేదు. ఈ మాట నా తమ్ముడు కొమురెల్లి రెండోసారి కూడా చదువుకోవలెను.

1. నా షెడ్డు, అందులోని పనిముట్లు, పాత ఆస్టిన్ కారు నా కోడలు అనసూర్యకు చెందవలెను. నా ఒక్కగానొక్క కొడుకు, ఆమె భర్త దశరథం మంచిర్యాలలో జాకీ జారి లారీ కింద నలిగి చనిపోయిన నాటి నుండి షెడ్డు నడిచింది ఆమె చేతుల మీదనే.

2. దస్తావేజు వ్రాసే దేవదాసు, వాడుక ప్రకారం, “మారుమనువు చేసుకొన్నచో హక్కు ఉండదు” అని ఒక వాక్యం చేర్చినాడు. దానిని కొట్టివేయించితిని. మనువాడినా ఆడకపోయినా ఆస్తి ఆమెదే.

3. కొమురెల్లికి నా చేతి గడియారం. ఆడమనిషి పానా పడితే వంశం పరువు పోతుందని బజారులో అన్నవాడు తన జీపు మాత్రం ఆమె చేతనే బాగుచేయించుకొన్నాడు. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు, కాగితం మీద పెట్టినాను.

4. చెల్లెలు నాగవ్వకు మా అవ్వ ఇత్తడి బిందె. కారుతుంది. అతుకు వేసినా కారుతుంది.

5. ఇక ఆస్టిన్ సంగతి. దశరథం పోయిన పొద్దున దాని టాపెట్లు సెట్ చేస్తుండెను. అంటే వాల్వుకూ, దాన్ని నొక్కేదానికీ నడుమ సందు సరిచూడటం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చేసే పని. అనసూర్య కారు ముందర ఇంజను హ్యాండిలు తిప్పుతుంటే వాడు ఆ సందులో గేజి రేకు పెట్టి చూసి మర బిగించేవాడు. మూడు సిలిండర్లు అయినవి. ఇంతలో మంచిర్యాల లారీ కోసం పిలుపు వచ్చింది. మూత పెట్టి, “ఆఖర్ది వచ్చినంక జేస్త బాపూ” అని పోయినాడు. రాలేదు.

అప్పటి నుండి నాలుగో సిలిండరు టక్కుటక్కుమంటూనే ఉన్నది. మెకానిక్ కారే మొత్తుకుంటున్నదని ఊరు నవ్వింది. ఒకనాడు నేను మూత విప్పబోతే కోడలు చేయి అడ్డం పెట్టి, “గా సప్పుడు ఉండనియ్యి మామా” అన్నది. ఉండనిచ్చినాను. అందులో నాకూ కొడుకు వినిపించేవాడు. ఈ ముసలి గుండెకు అదే ఆసరా.

6. నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేసే హనుమంతు, భార్య పోయినవాడు, నిదానస్తుడు, అనసూర్యను మనువు అడిగి పోయినాడు. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. బిడ్డా, వదులైన వాల్వు చప్పుడు చేస్తుంది, దానితో ఫికరు లేదు. మరీ బిగుసుకున్నది చప్పుడు లేకుండా లోపలే కాలిపోతుంది. నీవు మాట్లాడటమే మానివేసినావు. నాకు చావు భయం కన్నా ఆ భయమే ఎక్కువ.

7. కావున నా దినాలు అయిన మర్నాడు, ఇంజను చల్లగా ఉండగానే, నాలుగో సిలిండరు సరిచేయవలెను. దశరథం గేజి రేకు నా దిండు కింద ఉన్నది. ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఈసారి రేకు నీవు పట్టుకో. హ్యాండిలు తిప్పటానికి హనుమంతుకు కబురు పంపు.

సుల్తానాబాద్, 9 ఫిబ్రవరి 1964.

(సంతకం) లింగమూర్తి

సాక్షులు: పోశం, చాయ హోటలు; కనకవ్వ, పక్కింటి ఆమె, వేలిముద్ర.
వ్రాసినవాడు: దేవదాసు. రెండవ అంశంలో కొట్టివేత నా చేతిదే.